భూమి అడ్డొస్తే ఏం కనిపిస్తుంది?

శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట ఊళ్లలో జనం మేడలెక్కి తూర్పుకేసి చూస్తారు. 2015 సెప్టెంబరు 28 ఉదయం 10 గంటలకు పీఎస్‌ఎల్‌వీ-సీ30 లేచినప్పుడూ అలాగే చూశారు. ఆ రోజు అది మోసుకుపోయింది టీవీ ప్రసారాల ఉపగ్రహాన్ని కాదు, తుపాన్లను కనిపెట్టే ఉపగ్రహాన్నీ కాదు. నక్షత్రాలనూ గెలాక్సీలనూ చూడటానికి మన దేశం కట్టుకున్న మొదటి అంతరిక్ష అబ్జర్వేటరీ, ఆస్ట్రోశాట్. భూమికి 650 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు దాదాపు సమాంతరంగా, సుమారు 98 నిమిషాలకొక చుట్టు చొప్పున తిరగడం మొదలుపెట్టింది.

ఇలాంటి టెలిస్కోపుల గురించి చెప్పినప్పుడు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. అంత ఎత్తుకు పంపినా పక్కనే భూమి ఉంటుంది గదా, అటువైపు ఆకాశం కనపడదు గదా? పైగా అది తిరుగుతూ ఉంటుంది. చూస్తున్న నక్షత్రం కాసేపటికి భూమి వెనక్కి పోతుంది. ఆ సమయమంతా దండగేనా?

ప్రశ్న సరైనదే. 650 కిలోమీటర్ల ఎత్తు అంటే మనకు ఎంతో పైన, కానీ భూమి పరిమాణంతో పోలిస్తే అది ఉపరితలాన్ని రాసుకుంటూ పోవడమే. అక్కడి నుంచి చూస్తే ఆకాశంలో సుమారు 30 శాతాన్ని భూమే కప్పేస్తుంది. కక్ష్య తలానికి దగ్గరగా ఉన్న నక్షత్రమైతే ప్రతి చుట్టులోనూ అరగంటకు పైగా కనపడదు. మామూలు కాంతితో ఫొటోలు తీసే టెలిస్కోపుకు అది నిజంగా నష్టమే. గామా కిరణాల టెలిస్కోపు సంగతి వేరు. దానికి నక్షత్రం మరుగుపడే ఆ కొద్ది సెకన్లే అన్నిటికంటే విలువైన సమయం కావచ్చు. ఎందుకో తెలియాలంటే ముందు గామా కిరణాలతో వచ్చే చిక్కు తెలియాలి.

అద్దానికి లొంగని వెలుగు

కంటికి కనిపించే వెలుగును అద్దం వెనక్కి మళ్లిస్తుంది, కటకం ఒకచోట చేరుస్తుంది. టెలిస్కోపు అనేదంతా ఆ లొంగుబాటు మీదే నిలబడింది. గామా కిరణాలు లొంగవు. వాటిలో ఒక్కో కాంతి రేణువు మోసే శక్తి, కంటికి కనిపించే కాంతి రేణువు శక్తికి యాభై వేల రెట్లు, కొన్నిసార్లు అంతకు ఎన్నో రెట్లు. మామూలు అద్దం మీద పడితే దూసుకుపోతాయి, లేదా లోపల ఏదో ఒక అణువుకు తగిలి అక్కడే ఆగిపోతాయి. బొమ్మ పడదు.

బొమ్మ పడకపోతే లెక్కపెట్టడమే మిగిలింది. సోడియం అయొడైడ్ స్ఫటికంలో గామా రేణువు ఆగినప్పుడు చిన్న మెరుపు పుడుతుంది. ఆ మెరుపును ఎలక్ట్రానిక్ పరికరం పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంది. రేణువు ఎప్పుడు వచ్చిందో, ఎంత శక్తితో వచ్చిందో చెబుతుంది. ఏ దిక్కు నుంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు.

ఈ లెక్క నేల మీద కూర్చుని చేసేదీ కాదు. మన నెత్తి మీది గాలి గామా కిరణాలను కిందికి రానివ్వదు. అందుకే హైదరాబాద్ నుంచి టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి గాలి పలచబడే ఎత్తుకు పంపేవాళ్లు. అందుకే శ్రీహరికోట నుంచి స్రోస్ అనే ఉపగ్రహాలు బయల్దేరాయి. ఆ ప్రయత్నం ఎంత పట్టుదలతో సాగిందో ఈ తరానికి చెప్పుకోవాలి. గామా పరికరాన్ని మోస్తూ 1987 మార్చి 24న లేచిన ఏఎస్‌ఎల్‌వీ రాకెట్ కక్ష్యను చేరలేదు. 1988 జులై 13న రెండోదీ చేరలేదు. 1992 మే 20న మూడోది చేరింది గాని, అనుకున్నంత ఎత్తుకు కాదు. రెండు నెలలు నిండకుండానే ఆ ఉపగ్రహం వాతావరణంలోకి జారిపోయింది. 1994 మే 4న వెళ్లిన స్రోస్-సీ2 నిలబడింది, ఏళ్ల తరబడి పనిచేసింది, విశ్వంలో ఎక్కడెక్కడో హఠాత్తుగా పేలే గామా విస్ఫోటాలను నమోదు చేసింది. బంగాళాఖాతం ఒడ్డున మొదలైన గామా ఖగోళశాస్త్రం కథ ఇది. ఆస్ట్రోశాట్ పేరు తెలిసినంతగా స్రోస్ పేరు తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

హఠాత్తుగా పేలేవాటిని పట్టుకోవడం ఈ లెక్కయంత్రాలకు తేలికే, అంకెలు ఒక్కసారిగా ఎగుస్తాయి కనుక. ఎప్పుడూ ఒకే తీరున వెలిగే మూలాలతోనే కష్టం. యంత్రం లెక్కపెట్టే రేణువుల్లో చాలా భాగం మనం వెతికే నక్షత్రానివి కావు. అన్ని దిక్కుల నుంచీ వచ్చే మసక వెలుగు ఉంటుంది. విశ్వకిరణాలు తగిలి భూమి వాతావరణమే గామా కిరణాలను వెదజల్లుతుంది. ఉపగ్రహం లోహం కూడా కాస్తో కూస్తో వెలువరిస్తుంది. ఇంత రొదలో ఫలానా నక్షత్రం వాటా ఎంతని తేల్చడం ఎలా?

నెల్లూరు తీరంలో రాత్రిపూట రొయ్యల గుంటల గట్టు మీద నిలబడితే నాలుగు వైపులా ఏరియేటర్ల మోత. కళ్లు మూసుకుంటే అంతా కలిసి ఒకటే హోరు. ఏ గుంటలోది ఎంత మోగుతోందో ఎవరూ చెప్పలేరు. గాలి మళ్లినప్పుడల్లా ఆ హోరు మెల్లగా పెరుగుతుంది, మెల్లగా తగ్గుతుంది. ఇంతలో ఒక గుంటలో ఏరియేటర్ ఆగింది. హోరు టక్కున ఒక మెట్టు దిగింది. ఆ దిగిన మేరే దాని వాటా. మళ్లీ మోటారు వేసినప్పుడు అదే మెట్టు ఎక్కుతుంది. ఏ గుంటలో మోటారు ఎన్ని గంటలకు ఆపుతారో ముందే తెలిస్తే, చీకట్లో కళ్లు మూసుకునే ఒక్కోదాని మోతనూ విడివిడిగా రాసుకోవచ్చు. గాలి వల్ల వచ్చే మార్పుతో ఈ మెట్టును పొరబడే అవకాశం తక్కువ, ఎందుకంటే గాలి అంత టక్కున మారదు.

ఆకాశంలో ఆ స్విచ్ ఆపేదీ వేసేదీ భూమే. ఏ నక్షత్రం ఏ క్షణంలో భూమి అంచు దాటుతుందో ఉపగ్రహం కక్ష్య తెలిస్తే ముందే లెక్కగట్టవచ్చు. ఒక గోళం అడ్డం వచ్చి దూరపు వెలుగును మరుగుపరచడాన్ని శాస్త్రవేత్తలు ఆకల్టేషన్ అంటారు. మనం మరుగు అందాం.

మరుగుతో చదవడం పాత విద్యే

తెలుగు నేల మీద ఈ విద్యకు పెద్ద చరిత్రే ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో టెలిస్కోపు పెట్టాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో, ఆ అబ్జర్వేటరీలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో పరిశీలించారు. చంద్రుడు సూర్యబింబాన్ని కప్పిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎగసే జ్వాలలు ప్రకాశించే వేడి వాయువులని వర్ణపటం తేల్చేసింది. సూర్యుడి మిరుమిట్లు ఉన్నంతసేపూ దాగి ఉన్న సంగతి, సూర్యుడు మరుగైతే బయటపడింది.

1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రం ముందు నుంచి పోయింది. చిత్తూరు సరిహద్దుకు దూరం కాని కావలూరు అబ్జర్వేటరీలో జె.సి. భట్టాచార్య, కుప్పుస్వామి ఆ నక్షత్రం వెలుగును నమోదు చేస్తుంటే, గ్రహం ఇంకా రాకముందే వెలుగు ఒకసారి తగ్గి మళ్లీ లేచింది. ఏదో కొత్త ఉపగ్రహం అడ్డొచ్చిందని వాళ్లు భావించారు. విమానంలో టెలిస్కోపుతో చూసిన అమెరికా బృందానికి గ్రహానికి అటూ ఇటూ ఒకే రకమైన తగ్గుదలలు వరసగా దొరికాయి. యురేనస్ వలయాలు అలా బయటపడ్డాయి. ఆ వలయాలను అప్పటికి ఎవరూ కంటితో చూడలేదు. అడ్డొచ్చినప్పుడు తగ్గిన వెలుగే వాటి ఉనికికి రుజువు.

కంటికి కనపడని కిరణాలకు ఈ పద్ధతి వాడిన మొదటి గొప్ప ప్రయత్నం 1964 జులై 7న జరిగింది. వృషభ రాశిలో, మనం రోహిణి అనే నక్షత్రానికి కాస్త తూర్పుగా, క్రాబ్ నీహారిక ఉంది. 1054లో చైనావాళ్లు పగలు కూడా చూసిన నక్షత్ర విస్ఫోటం శిథిలం అది. దూరం సుమారు 6,500 కాంతి సంవత్సరాలు. చంద్రుడి దారికి దగ్గరగా ఉండటం వల్ల కొన్నేళ్లకొకసారి చంద్రుడు దాన్ని కప్పుతాడు. ఆ రోజు కప్పబోతున్నాడని తెలిసి హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ బృందం అమెరికాలో రాకెట్‌ను సరిగ్గా ఆ సమయానికి పైకి పంపింది. రాకెట్ పైన ఉండేది కొద్ది నిమిషాలు. వాళ్ల ప్రశ్న ఒక్కటే: ఎక్స్ కిరణాలు నీహారిక మధ్యలో ఏదో ఒక చుక్క నుంచి వస్తున్నాయా, నీహారిక మేఘం నుంచి వస్తున్నాయా? చుక్క అయితే చంద్రుడి అంచు తగలగానే ఒక్కసారిగా ఆరిపోవాలి. అది మెల్లమెల్లగా తగ్గింది. కిరణాలు విశాలమైన మేఘం నుంచే ఎక్కువగా వస్తున్నాయి. నాలుగేళ్ల తర్వాత ఆ మేఘం మధ్యలో సెకనుకు 30 సార్లు తిరిగే పల్సార్ దొరికింది. చుక్క కూడా ఉంది, కాని వెలుగులో దాని వాటా చిన్నది.

పది సెకన్ల మెట్టు

చంద్రుడు ఎప్పుడో గాని రాడు. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహానికి భూమి ప్రతి చుట్టులోనూ వస్తుంది. ఈ తేడాను పూర్తిగా వాడుకున్నది కాంప్టన్ గామా అబ్జర్వేటరీ. 1991 ఏప్రిల్ 5న అట్లాంటిస్ షటిల్ దాన్ని మోసుకెళ్లింది; బరువు 17 టన్నులు. దాని ఎనిమిది మూలల్లో జెరాల్డ్ ఫిష్‌మన్ బృందం ఎనిమిది సోడియం అయొడైడ్ పలకలను అమర్చింది. ఒక్కోటి అర మీటరు వెడల్పు. వాటి పేరు బాట్సీ. అసలు పని గామా విస్ఫోటాలను పట్టుకోవడం. 9 ఏళ్లలో 2,704 పట్టుకుంది. కాని ఎనిమిది మూలల నుంచి చూస్తున్నందున భూమి కప్పని ఆకాశమంతా ఎప్పుడూ దాని లెక్కలోకి వస్తూనే ఉంటుంది. ప్రత్యేకంగా ఎటూ తిప్పనక్కర్లేదు, ఎవరినీ సమయం అడగనక్కర్లేదు.

ఉపగ్రహం నుంచి చూస్తే ఒక నక్షత్రం భూమి అంచున ఎలా అస్తమిస్తుంది? భూమి అంచు పదునైన గీత కాదు, దానికి గాలి పొర ఉంది. నక్షత్రం నుంచి వచ్చే కిరణం మొదట పలచని గాలిని రాసుకుంటూ వస్తుంది, తర్వాత దట్టమైన గాలిని. ఉపగ్రహం కదులుతున్న కొద్దీ ఆ కిరణం గాలిలో ప్రతి సెకనుకూ మూడు కిలోమీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. సుమారు 70 కిలోమీటర్ల ఎత్తుకు దిగేసరికి వంద కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న కిరణాల్లో సగం ఆగిపోతాయి. మొత్తం ఆరిపోవడానికి పట్టేది సుమారు పది సెకన్లు. ఉపగ్రహం ఒక చోటి నుంచి మరో చోటికి పోతుంటే చుట్టూ ఉన్న రొద మారుతుంది గాని అది నిమిషాల మీద, నున్నగా మారుతుంది. పది సెకన్ల మెట్టు ఆ నున్నటి గీత మీద విడిగా కనిపిస్తుంది.

ఒక్క మెట్టు చాలా చిన్నది. ఒంటరిగా దాన్ని నమ్మలేం. అయితే రోజుకు సుమారు పదిహేను చుట్లు, ప్రతి చుట్టులో ఒక అస్తమయం, ఒక ఉదయం. ముప్పై మెట్లు. అన్నీ కలిపి సగటు తీస్తే క్రాబ్ వెలుగులో సుమారు పదో వంతు ఉన్న మూలం కూడా ఒక్క రోజులోనే తేలుతుంది. వారాలు, నెలలు కలిపితే ఇంకా మసకవి. బాట్సీ బృందం ఇలా 179 మూలాల వెలుగును ఏళ్ల తరబడి రాసిపెట్టింది. 1994 జులైలో వృశ్చిక రాశిలో అంతవరకు లేని చోట మెట్టు కనిపించడం మొదలైంది. అదొక కృష్ణబిలం. అది పక్క నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుంటూ, కాంతి వేగంలో తొంభై శాతానికి మించిన వేగంతో రెండు వైపులా ధారలు చిమ్ముతోందని రేడియో టెలిస్కోపులు తర్వాత చూపించాయి.

తెలియని చోటున్న మూలాన్ని ఎలా కనిపెట్టారని అడగవచ్చు. ఒక్క అస్తమయం చెప్పేది ఇంతే: ఆ క్షణంలో భూమి అంచు ఎక్కడ ఉందో ఆ వంపు గీత మీద ఎక్కడో మూలం ఉంది. ఉదయించినప్పుడు భూమి అంచు మరో వాలులో ఉంటుంది, రెండో గీత. రెండూ ఖండించుకునే చోటే మూలం. ఉపగ్రహ కక్ష్య కూడా మెల్లగా తిరుగుతూ కొన్ని వారాల్లో ఇంకెన్నో వాలుల్లో గీతలు ఇస్తుంది. వేర్వేరు కోణాల గీతలను కలిపి బొమ్మ కట్టే ఆ గణితమే ఆసుపత్రి సీటీ స్కాన్‌లోనూ పనిచేస్తుంది. లెక్కపెట్టడం తప్ప ఏమీ రాని పలకల నుంచి ఆకాశం బొమ్మ తీయగలగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మెట్టు ఎంత మెల్లగా దిగిందన్నది కూడా వృథా పోలేదు. అది ఆ ఎత్తులో గాలి ఎంత దట్టంగా ఉందో చెబుతుంది. భూమికి 70 నుంచి 200 కిలోమీటర్ల మధ్య పొర బెలూన్లకు అందనంత పైన ఉంది, ఉపగ్రహాలు నిలవలేనంత కింద ఉంది. జపాన్ వాళ్ల సుజాకు, హితోమి ఉపగ్రహాలు క్రాబ్ అస్తమిస్తుండగా నమోదు చేసిన ఎక్స్ కిరణాలతో ఆ పొర సాంద్రతను కొలిచారు. తిరుపతి దగ్గర గాదంకిలో రాడార్లతో పై గాలిని చదివేవాళ్లకూ, శ్రీహరికోట నుంచి చిన్న రాకెట్లు వేసి కొలిచేవాళ్లకూ కావలసిన సమాచారమే వేల కాంతి సంవత్సరాల దూరపు నీహారిక నుంచి వచ్చింది.

కొలబద్ద కదిలింది

కాంప్టన్‌ను 2000 జూన్ 4న పసిఫిక్ సముద్రంలోకి దించేశారు. 2008 జూన్‌లో వెళ్లిన ఫెర్మీ ఉపగ్రహంలో 12 చిన్న సోడియం అయొడైడ్ పలకలతో ఇంకో పరికరం, జీబీఎం, ఆ పని అందుకుంది. కాలీన్ విల్సన్-హాడ్జ్ బృందం దానితో మెట్ల లెక్క మళ్లీ మొదలుపెట్టింది.

ఇక్కడ క్రాబ్ గురించి ఒక మాట. ఎక్స్, గామా కిరణాల ఖగోళశాస్త్రంలో వెలుగును చాలాకాలంగా క్రాబ్‌తోనే కొలుస్తూ వచ్చారు. ఫలానా మూలం ఇన్ని క్రాబ్‌లు, ఫలానాది క్రాబ్‌లో వెయ్యో వంతు. కొత్త ఉపగ్రహం వెళ్లగానే దాన్ని ముందు క్రాబ్ వైపు తిప్పి, వచ్చిన అంకెను బట్టి పరికరాన్ని సరిదిద్దేవాళ్లు. క్రాబ్ మారదన్న నమ్మకం అంత గట్టిది.

జీబీఎం మెట్లలో క్రాబ్ తగ్గుతూ పోయింది. 2008 నుంచి 2010 వరకు రెండేళ్లలో సుమారు 7 శాతం. పరికరం పాడవుతోందా? మామూలుగా వచ్చే మొదటి అనుమానం అదే. అందరూ క్రాబ్ అంకెతోనే పరికరాన్ని సరిదిద్దుకుంటుంటే, క్రాబ్ మారినా ఆ మార్పు సవరణలో కలిసిపోయి కనపడకుండా పోతుంది. బృందం మిగిలిన ఉపగ్రహాల అంకెలు అడిగి తీసుకుంది. స్విఫ్ట్, ఆర్‌ఎక్స్‌టీఈ, ఇంటెగ్రల్ మూడూ వేర్వేరు రకం పరికరాలు, వేర్వేరు పద్ధతులు. మూడింటిలోనూ అదే తగ్గుదల. మధ్యలోని పల్సార్ కొట్టుకునే వెలుగు మాత్రం తగ్గలేదు. మారుతున్నది చుట్టూ ఉన్న మేఘం. 2011 మొదట్లో ప్రకటించిన ఈ సంగతితో లోకమంతా వాడే కొలబద్ద స్థిరం కాదని తేలింది. భూమి అంచు దాటడానికి కొద్ది సెకన్ల ముందు, కొద్ది సెకన్ల తర్వాత మాత్రమే పోల్చి చూసే పద్ధతికి ఈ ఘనత దక్కడం న్యాయంగా అనిపిస్తుంది. రొద ఎంతో ఊహించి తీసేయాల్సిన పని దానికి లేదు, రొదను అక్కడికక్కడే కొలుస్తుంది.

కనపడకపోవడమే సాక్ష్యం

మళ్లీ ఆస్ట్రోశాట్ దగ్గరికి వద్దాం. అందులో సీజెడ్‌టీఐ అనే పరికరం ఉంది. తక్కువ శక్తి కిరణాలకు దాని చుట్టూ ఉన్న లోహపు గోడలు అడ్డుగా నిలిచి ఎదురుగా ఉన్న కొద్ది ఆకాశాన్నే చూడనిస్తాయి. శక్తి వంద కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటితే ఆ గోడలూ అడ్డం నిలవలేవు. పక్కల నుంచీ వెనక నుంచీ కిరణాలు లోపలికి వస్తాయి. ఇంకోచోట లోపం అనిపించే ఈ లక్షణం వల్ల సీజెడ్‌టీఐ భూమి కప్పని ఆకాశమంతా కాపలా కాయగలుగుతోంది, వందల గామా విస్ఫోటాలను పట్టుకుంది.

2017 ఆగస్టు 17 సాయంత్రం 6 గంటల 11 నిమిషాలకు, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలు భూమిని చేరాయి. రెండు సెకన్లలోపే ఫెర్మీ ఒక చిన్న గామా విస్ఫోటాన్ని నమోదు చేసింది. అది జరిగింది 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని గెలాక్సీలో, చిత్త నక్షత్రానికి కాస్త దక్షిణంగా. నెల్లూరులో ఇంకా పొద్దు గుంకలేదు. ఆ గెలాక్సీ మన పడమటి ఆకాశంలోనే, పగటి వెలుగు వెనక ఉంది.

సీజెడ్‌టీఐలో ఏమీ లేదు. పరికరం చక్కగా పనిచేస్తోంది, అంత వెలుగును అది పట్టుకోగలదు కూడా. అయినా అంకెలు కదల్లేదంటే ఒక్కటే కారణం: ఆ క్షణంలో విస్ఫోటం దానికి భూమి చాటున ఉంది. జీబీఎం ఒక్కటే చెప్పిన దిక్కు ఆకాశంలో చాలా పెద్ద ముక్క. అందులో ఆస్ట్రోశాట్‌కు కనిపించే భాగమంతా కొట్టేయవచ్చు, భూమి కప్పిన భాగంలోనే వెతకాలి. వెతకాల్సిన ఆకాశం దాదాపు సగానికి తగ్గింది. గురుత్వ తరంగాల పరికరాలు ఆ ముక్కను ఇంకా కుదించాయి. సుమారు 11 గంటల తర్వాత చిలీలోని టెలిస్కోపు ఆ గెలాక్సీలో కొత్త వెలుగును చూసింది. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహం ఆ రోజు చేసిన సాయం మౌనంగా ఉండటం. అది చిన్న సాయమేమీ కాదు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. రెండు మూలాలు దగ్గరదగ్గరగా ఉండి ఒకేసారి అస్తమిస్తే ఎవరి మెట్టు ఎవరిదో తేల్చడం కష్టం; ధనుస్సు రాశి వైపు, మన గెలాక్సీ నడిబొడ్డున, ఈ గందరగోళం ఎక్కువ. కక్ష్యకు బాగా పైన లేదా కింద ఉన్న మూలాలు అసలు మరుగే పడవు. ఆస్ట్రోశాట్ కక్ష్య భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల వాలులోనే ఉంది కనుక ధ్రువ నక్షత్రం చుట్టుపక్కల ఆకాశానికి దాని నుంచి ఎప్పుడూ అస్తమయం లేదు. అక్కడి మూలాలకు మెట్టు రాదు.

విస్ఫోటాల విషయానికొస్తే భూమి అడ్డు పూర్తిగా నష్టమే. అవి రెండోసారి రావు. అందుకే ఐఐటీ బొంబాయి శాస్త్రవేత్తల నాయకత్వంలో రూపొందిన దక్ష అనే ప్రతిపాదనలో ఉపగ్రహాలు రెండు. భూమికి అటొకటి, ఇటొకటి. ఒకదానికి భూమి కప్పిన ఆకాశం రెండోదానికి తెరిచి ఉంటుంది. విస్ఫోటం ఎక్కడ జరిగినా కనీసం ఒకటి చూస్తుంది. నిలకడగా వెలిగే మూలాలు మాత్రం ఒక్కో ఉపగ్రహానికీ ప్రతి చుట్టులో ఉదయిస్తాయి, అస్తమిస్తాయి. ఆ మెట్లు రెండు ఉపగ్రహాల్లోనూ విడివిడిగా నమోదవుతాయి.